విశ్వాసమ్మ కొంగున ముడులు

కమలాపురం సంతవీధిలో, ఖాసిం సాహెబ్ మాంసం అంగడి ముందు ఆ ఆదివారం పొద్దున జరిగిన జగడం చూసినవాళ్లలో గురమ్మ ఒకతి. ఆముదం సీసా చేత పట్టుకుని పోతున్న మనిషి పోతున్నట్టే ఆగిపోయింది. జగడమంటే ఆమెకు చెప్పలేనంత ఇష్టం. తనది కాని జగడమైతే మరీను.

ఒక పక్క సంఘం పెద్ద ఆనందం నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, మిషను బంగళా ఆవరణలో పుట్టి పెరిగిన మనిషి. తాతల నాటి నుంచి క్రైస్తవులమని రోజుకు ఒకసారైనా అనకపోతే ఆయనకు అన్నం అరగదు. ఇంకో పక్క బైబిలమ్మ విశ్వాసమ్మ. పల్లెపల్లెకూ తిరిగి చదువురాని ఆడవాళ్లకు బైబిలు చదివి చెప్పమని మిషను వాళ్లు పెట్టిన మనిషి కాబట్టి అందరికీ ఆమె బైబిలమ్మ. పొట్టి మనిషి, నల్లంచు తెల్లచీర. కళ్లద్దాలకు ఒక కాడ ఊడిపోతే దారం కట్టి చెవికి తగిలించుకుంది.

ఆనందం వాదన ఏమంటే, సాయిబు మేకను కోసేముందు తన ప్రార్థన చదువుతాడు గనుక అది వేరే దేవుడికి అర్పించిన మాంసమే అవుతుందట. కాబట్టి సంఘస్థులెవరూ ఈ అంగడిలో కొనకూడదట. ఆ మాట చెబుతూ అంగడికి అడ్డంగా రెండు చేతులూ చాచాడు. ఖాసిం సాహెబ్ కత్తి పక్కన పెట్టి, ఈ గొడవ ఎవరిదో అన్నట్టు ఈగలు తోలుకుంటున్నాడు. విశ్వాసమ్మ చివరిదాకా విన్నది. రొండిలోంచి నశ్యం డబ్బీ తీసి, ఒక పట్టు పీల్చి, తుమ్మి, అప్పుడు అడిగింది.

"ఆనందప్పా, పోయిన పండక్కి మీ ఇంట్లో కోడిపుంజును కోసింది ఎవురప్పా?"

ఆనందం నోరు తెరిచే లోపల ఖాసిం సాహెబే చెయ్యెత్తాడు. "నేనేమ్మా. మంచి పుంజు అది."

ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. ఏ ఇంట్లో కోడిని కొయ్యాలన్నా, ఆ ఇల్లు ఎవరిదైనా, సాయిబును పిలుచుకొస్తారు. అది ఎప్పటినుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఎవరూ ఆలోచించరు. ఆనందమూ ఆలోచించలేదు.

"సాయిబు కొయ్యకముందు దేవుని పేరు చెప్తాండాడు. నువ్వు వండినాక దేవుని పేరు చెప్తాండావు. నడాన ఆ మేకకు వచ్చిన నష్టమేందప్పా? పక్కకు జరుగు, నాకు అరసేరు కావాల."

వీధి వీధంతా నవ్వింది. ఆనందం మొహం కందగడ్డయింది. ఇక ఈ అంగడి మెట్టు తొక్కితే నా పేరు ఆనందం కాదని ఒట్టు పెట్టుకుని గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆ ఒట్టు తర్వాత ఎంత పని చేసిందో ఆ పొద్దు ఎవరికీ తెలియదు. గురమ్మకు మాత్రం ఒకటి తెలిసింది. తన ప్రశ్నలు పట్టుకుపోవాల్సింది ఈ మనిషి దగ్గరికే.

గురమ్మ ఆ ఎండాకాలమే బాప్తిస్మం తీసుకుంది. సర్కారు గంజి కేంద్రాలు పెట్టిన కరువు గడిచిన మరుసటి ఏడు అది. ముందు మొగుడు దాసన్న సంఘంలో కలిశాడు, ఆయన వెనక ఈమె. అయితే పాపాఘ్ని ఏట్లో తల తడిసింది గానీ ఆమె అనుమానాలు తడవలేదు. తనకు అర్థం కాకుండా ఒక్క మాటకూ తలాడించే రకం కాదు. పాస్టరయ్యను అడిగితే నమ్మాలమ్మా, అడగకూడదు అన్నాడు. ఆనందాన్ని అడిగితే ఆడవాళ్లు ఇంట్లో మొగుణ్ణి అడిగి తెలుసుకోవాలని రాసి ఉందన్నాడు. ఇంట్లో మొగుణ్ణి అడిగితే ఆయన నిద్రపోయాడు. ఇంక ఎక్కడికి పోవాలి?

విశ్వాసమ్మ పుట్టుక పేరు దస్తగిరమ్మ. వేంపల్లె పక్క పల్లె. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే వాళ్లమ్మ దర్గాలో మొక్కుకుని ఆ పేరు పెట్టింది. చిన్నతనంలోనే పెండ్లి, చిన్నతనంలోనే మొగుడు పోవడం. ఆ తర్వాత మిషను ఆడపిల్లల బడికి నీళ్లు మోయడానికి కుదురుకుంది. ఎందుకనిపించిందో ఏమో, బడి దొరసాని ఆమెను పిలిచి పలకలు పట్టుకున్న పిల్లకాయల నడుమ కూర్చోబెట్టింది. ఎదిగిన మనిషి, పక్కన మోకాలెత్తు పిల్లలు. వాళ్లు నవ్వితే ఈమె గిల్లేది. ఒక్కో అక్షరంతో కొట్లాడి కొట్లాడి చదువు నేర్చింది. అందుకే ఆమె చదువు ఎప్పటికీ నిదానమే. అక్షరం కింద వేలు పెట్టి, పెదాలు కదుపుతూ చదువుతుంది. ఎవరైనా తొందరపెడితే, నేనేమన్నా బండికి కట్టిన ఎద్దునా అని పుస్తకం మూసేస్తుంది.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. అడిగిన రోజు జవాబు చెప్పదు. ప్రశ్న విని, కొంగు చివర ఒక ముడి వేసుకుంటుంది. ఆ ముడితోనే పల్లెలు తిరుగుతుంది, వంట చేస్తుంది, పడుకుంటుంది. జవాబు దొరికిన రోజు ముడి విప్పుతుంది. కొన్నాళ్లు ఆమె కొంగు చింతకాయల గుత్తిలా వేలాడేది. జవాబు చెప్పే చోటు కూడా ఒకటే. ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని నీళ్లు ఊరేదాకా ఆడవాళ్లు కూర్చుంటారు చూడండి, అక్కడ. తొందరపడితే బురద వస్తుంది, కూర్చుంటే తేట నీళ్లు వస్తాయి. బిందె నిండేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు కాబట్టి వినేవాళ్లకు కొదవ లేదు.

గురమ్మ మొదటి ప్రశ్న కయీను పెండ్లాం గురించి. అప్పటికి లోకంలో ఉన్నదే ఒక్క కాపురం, దేవుడు మొదట చేసిన ఆలుమగలది. ఆ కాపురానికి పుట్టినవాడు కయీను. "మేనమామ లేడు, మేనత్త లేదు. మరి వానికి పిల్లను ఎవురిచ్చినారక్కా?" అని అడిగింది. ముడి పడింది. చాన్నాళ్లకు చెలమ దగ్గర జవాబొచ్చింది. కడపలో ఉండే మిషను పెద్దయ్యగారిని అడిగితే చెల్లెలే అయ్యుంటుందని అన్నారట. చుట్టూ ఉన్న ఆడవాళ్లు రామరామ అని చెవులు మూసుకున్నారు. విశ్వాసమ్మ కూడా ఆ జవాబును గట్టిగా పట్టుకోలేదు. రాసినాయన్ను ఆ పెండ్లికి పిలిచినట్టు లేదు, అందుకే వివరం రాయలేదు, మనకెందుకు అని తేల్చేసింది.

యాకోబు కథ మాత్రం గురమ్మకు ఎక్కడా అడ్డం తగల్లేదు. మేనమామ ఇంటికి పోయి, మేనమామ కూతురి కోసం మేనమామ గొర్రెలు కాయడం ఆమెకు ఎంతో మర్యాదగా తోచింది. ఆ మేనమామ పిల్లను మార్చి పెద్దదాన్ని అంటగట్టడం విని, ఇట్లాంటోడు మా వేంపల్లె వైపు కూడా ఒకడున్నాడని పేరుతో సహా చెప్పింది. దయ్యాలు చొచ్చి సముద్రంలో పడి చచ్చిన పందుల కథకు మాత్రం ఆమె ప్రాణం కొట్టుకుంది. ఆ పందులను మేపేవాడు ఆ దినం ఇంటికి పోయి పెండ్లానికి ఏం చెప్పుకున్నాడని ఆమె బాధ. విశ్వాసమ్మ తెలీదని ఒప్పేసుకుంది. ఆ ముడి ఆ చీర చినిగేదాకా అట్లాగే ఉంది.

ఇవన్నీ నవ్వుతూ తుళ్లుతూ అడిగిన ప్రశ్నలు. నవ్వు రాని ప్రశ్న వేరుశెనగ పీకుళ్లు అయ్యాక వచ్చింది.

గురమ్మ పుట్టినూరు వేంపల్లెకు దగ్గర. కరువు పోయి పంట చేతికొచ్చిందని ఆ ఏడు ఊరి దేవత పెద్దమ్మకు దేవర జాతర పెట్టారు. పొట్టేళ్లు కోస్తారు, చుట్టాలకు పంచుతారు. గురమ్మ తొలికాన్పులో చావు దాకా పోయి వచ్చినప్పుడు ఆమె తల్లి తిరుపతమ్మ, నా బిడ్డ బతికితే పొట్టేలు ఇస్తానని పెద్దమ్మకు మొక్కుకుంది. కరువులో ఆ మొక్కు ఆగిపోయింది, ఇప్పుడు తీర్చింది. అయితే ఆ ఊరి ఆచారంలో ఒక మెలిక ఉంది. ఎవరి ప్రాణం కోసం మొక్కారో ఆ మనిషి ఆ మాంసం ఒక్క తునకైనా తినాలి. తినకపోతే మొక్కు ఆ మనిషి నెత్తినే నిలుస్తుంది. గురమ్మ ఇప్పుడు మళ్లీ కడుపుతో ఉంది. తిరుపతమ్మ భయం ఎంతటిదో వేరే చెప్పాలా?

ఇక్కడేమో ఆనందం ఆదివారం ఆరాధనలో లేచి ప్రకటన చేశాడు. దేవర మాంసం తిన్నవాళ్లకు ప్రభువు పుట్టిన పండగ నాడు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లలో పాలు లేదు, సంఘంలో పేరూ ఉండదు. అందరికీ చెబుతున్నట్టే చెప్పాడు గానీ చూపు గురమ్మ మీదే పెట్టాడు. తింటే సంఘం పోతుంది, తినకపోతే అమ్మ పోతుంది. గురమ్మ నేరుగా విశ్వాసమ్మ ఇంటికి పోయి, బైబిల్లో సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు ఇట్లాంటి మాంసం గురించి ఏమన్నాడో చదవమంది.

విశ్వాసమ్మ వేలు పెట్టి చదివింది. ఒకచోట పౌలు, విగ్రహం ఒట్టిదే, దానికి పెట్టిన తిండితో వచ్చేదీ లేదు పోయేదీ లేదంటాడు. ఆ కిందనే, నీ తిండి వల్ల మనసు గట్టిగా లేనివాడు తడబడితే మాంసమే మానుకోమంటాడు. ఇంకోచోట, అంగట్లో అమ్మేది ఏదైనా ఆరా తీయకుండా తినమంటాడు. వెంటనే, ఇది అర్పించిందని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి కోసం తినొద్దంటాడు.

గురమ్మకు ఒళ్లు మండింది. "ఈయప్ప తినమంటాండాడా, తినద్దంటాండాడా? మా మొగుడే నయం, ఒక మాట మీద నిద్రపోతాడు."

విశ్వాసమ్మ ఎప్పుడూ నవ్వేదే, ఆ రోజు నవ్వలేదు. ముడి మాత్రం వేసింది. రెండు చేతులా లాగి గట్టిగా వేసింది.

ముడి విడకముందే పండగ దగ్గరికొచ్చింది. పండగ ముందు దినం పొద్దెక్కాక తిరుపతమ్మ బస్సు దిగి, గుడ్డమూటలో ఎండు తునకలు పట్టుకుని కూతురి ఇంటికొచ్చింది. ఉప్పు పట్టించి దండేనికి ఆరేసి, చెడకుండా దాచి తెచ్చిన మొక్కు మాంసం. లోపలికి రాలేదు. బయట అరుగుకట్ట మీదే కూర్చుంది. మంచినీళ్లు ఇస్తే ముట్టలేదు.

"నీ దేవుణ్ణి నేను వద్దనలా గురీ. ఒక్క తునక తిను. తిని మీ గుడికి పో. నా భయం నాకు తీరుతాది."

ఊళ్లో ఎవరితోనైనా మాటకు మాట చెప్పగల మనిషి తల్లి ముందు తలొంచుకుని నిలబడింది. రేపటిదాకా ఆగమ్మా అని మాత్రం అనగలిగింది. ఆగుతానన్నది తిరుపతమ్మ. ఆగడమంటే అన్నం నీళ్లూ లేకుండా ఆగడమే.

ఇప్పుడు ఆనందం ఒట్టు సంగతి చెప్పాలి. ఖాసిం అంగడి మెట్టు తొక్కనన్నాడు గదా. మరి పండగ విందుకు మాంసం ఎక్కడిది? అందుకని తానే వేంపల్లె సంతకు పోయి బతికున్న పొట్టేలును తోలుకొచ్చాడు. కొమ్ములు మెలికలు తిరిగిన నల్ల పొట్టేలు. ఇంత చవగ్గా ఇంతటి పొట్టేలును ఎవడన్నా తెచ్చాడా అని పేటంతా తిప్పి చూపించి, తన పెరట్లో కట్టేశాడు. కాన్పు దగ్గరపడ్డ ఒంటితో గురమ్మ ఆ ఊరేగింపు చూడలేకపోయింది. మిగిలినవాళ్లు దాన్ని కళ్లతోనే వండుకు తిన్నారు గానీ, చెవులూ కొమ్ములూ ఎవరూ పరీక్షగా చూడలేదు.

మధ్యాహ్నం తిరుపతమ్మ కాళ్లు తిమ్మిరెక్కి, లేచి అటు నాలుగడుగులు వేసింది. ఆనందం పెరట్లోకి చూసింది. చూసి, గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. ఆ పొట్టేలు కుడిచెవి నిలువునా చీల్చి ఉంది. కొమ్ముల మొదట్లో పసుపు ఇంకా వదల్లేదు. అది ఏదో ఊరి దేవర కోసం అమ్మ పేరున విడిచిన పొట్టేలు. దాన్ని అమ్మకు తప్ప ఎవరికీ కొయ్యరు. ఊళ్లు తెలిసినవాడు ఎవడూ దాన్ని కొనడు కూడా. అమ్మినవాడెవడో, ఇస్త్రీ చొక్కా వేసుకున్న కిరస్తానం మనిషి సంతకు రాకపోతాడా అని కాచుకుని ఉండాలి. ఆనందానికేం తెలుసు? మిషను ఆవరణలో పెరిగినవాడు, దేవర మొహం ఎరగడు. చెవి కుక్క కరిచిందనుకున్నాడు. పసుపు ఈగలు ముసరకుండా పూసిన మందనుకున్నాడు.

పేటంతా ఆ పెరట్లో చేరింది. తిరుపతమ్మ వణుకుతూ, దీన్ని కోస్తే మీ పిల్లకాయలకు మంచిది కాదు నాయనా అని ఒక్కొక్కరి మొహం చూసి చెబుతోంది. ఆనందం మొదట తెల్లబోయాడు. అంతలోనే తేరుకుని గొంతు సవరించుకున్నాడు. అంగట్లో అమ్మేది ఆరా తీయకుండా తినమని పౌలే రాశాడు, నేను ఆరా తీయలేదు, కాబట్టి తప్పు లేదన్నాడు. ఖాసిం అంగడి ముందు ఆ మాట ఎందుకు గుర్తు రాలేదని గురమ్మ అడగబోయింది గానీ, విశ్వాసమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"నువ్వు చెప్పింది నిజమే అప్పా. నువ్వు అడగలా. కానీ ఈమె చెప్పింది గదా. చెప్పినాక ఏం చేయమన్నాడో ఆ కింది వరుస చదువు. నా చదువు నిదానం, నీది బాగుంటాది."

ఆనందం పుస్తకం తెరిచి, ఆరాధనలో చదివినట్టే కంఠమెత్తి మొదలుపెట్టాడు. చదవగా చదవగా గొంతు తగ్గింది. చెప్పినవాడి కోసం, వాడి మనసు కోసం అన్నచోట ఆగిపోయాడు. చెప్పిన మనిషి ఆయన ఎదురుగానే, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఈ పెద్దామె మనకేమవుతాదని వణకతాండాది?" అన్నది విశ్వాసమ్మ. "మనకూ ఆమెకూ ఏం చుట్టరికం? మన బిడ్డలకు ఏమన్నా అవుతాదని ఆమెకు భయం. ఆ భయం మీద పీట వేసుకుని కూచ్చోని మనం పండగ కూడు తినాల్నా?"

ఆనందం పుస్తకం మూసి, తానే పోయి పొట్టేలు తాడు విప్పి, దాసన్న చేతికిచ్చాడు. పండగ గడిచాక తిరుపతమ్మతో పాటు తోలుకుపోయి ఆ ఊరేదో కనుక్కుని అప్పజెప్పి రమ్మన్నాడు. అంతటితో ఆయన గొప్పవాడైపోయాడని కాదు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. అయినా తాడు విప్పింది ఆయనే. అది కాదనడానికి లేదు.

అట్లా ఆ ఏటి పండగ విందు పప్పు, గుమ్మడికాయ కూర, బెల్లం పాయసంతో సరిపోయింది. పిల్లలు ఏడ్చారు, మగవాళ్లు సణిగారు. బైబిలమ్మ నోటికి భయపడి ఎవరూ పైకి అనలేదు.

పొట్టేలు తాడు విప్పిన ఆ సాయంత్రమే తిరుపతమ్మ కట్ట మీద కూర్చుని మూట విప్పింది. గురమ్మ, విశ్వాసమ్మ ఎదురుగా కూర్చున్నారు. ఎండిన తునక ఒకటి ఆమె చేతిలోకి తీసుకుంది.

"నా ఒక్క మాటకు పేట పేటంతా మాంసం మానుకున్యారు. ఇంక నేను నా బిడ్డను తినమని యా నోటితో అడిగేది? మొక్కింది నేను. తినే నోరూ నాదే."

తనే నోట్లో వేసుకుని నమిలింది. తర్వాత కూతురు తెచ్చిన నీళ్లు తాగింది. విశ్వాసమ్మ తన కొంగు తీసుకుని, గట్టిగా బిగించిన పౌలు ముడిని పళ్లతో పట్టి విప్పేసింది.

కానీ తిరుపతమ్మ భయం పూర్తిగా పోలేదు. తినాల్సిన మనిషి తినలేదు, మొక్కు తీరినట్టా తీరనట్టా, నా బిడ్డకు ఏమన్నా అయితే నేనేం చేసేది అని విశ్వాసమ్మను అడిగింది. విశ్వాసమ్మ దగ్గర దానికి వచనం లేదు. ఉన్నట్టు నటించనూ లేదు. ఇప్పుడే విప్పిన చోట మళ్లీ ముడి వేసింది.

"నీ భయం ఈడ కట్టినా వదినా. ఇంక అది నా దగ్గరుంటాది. నువ్వు లోపలికి పోయి అన్నం తిను."

తిరుపతమ్మ ఊరికే నమ్మలేదు. ఆ కొంగు చేతిలోకి తీసుకుని, ముడి బిగువుగా ఉందా లేదా అని తానే లాగి చూసుకుంది. మరునాడు గురమ్మ ప్రభువు బల్ల ముందు కూర్చున్నప్పుడు, తల్లి మందిరం గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చుని, లోపలికి తొంగి తొంగి చూసింది.

గురమ్మకు ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా బాగున్నారు. తిరుపతమ్మ వచ్చి మనవరాలిని ఎత్తుకుని, తర్వాత నేరుగా పోయి విశ్వాసమ్మ కొంగు చూపించమంది. ముడి ఉంది. ఇప్పుడైనా విప్పుకోవచ్చా అని విశ్వాసమ్మ అంటే, అప్పుడే వద్దు, ఇంకో కాన్పు ఉంటుందేమో అని తిరుపతమ్మ అన్నది. ఇంకో కాన్పూ అయింది, మగపిల్లవాడు. అప్పుడూ వద్దనే అన్నది. ఏళ్లు గడుస్తుంటే విశ్వాసమ్మ చీరలు మారాయి గానీ ముడి మారలేదు. కొత్త చీర కట్టిన ప్రతిసారీ పాత కొంగున విప్పి కొత్త కొంగున కట్టుకునేది. ఇది ఎవరి ముడి అక్కా అని కొత్తగా చేరినవాళ్లు అడిగితే, ఒక వదినది, దాచిపెట్టమని ఇచ్చింది అనేది.

కోడుమూరు వైపు పల్లెల్లో కొత్తగా చేరినవాళ్లు చాలామంది ఉన్నారని, ప్రశ్నలతో అక్కడి పాస్టరయ్యను నిద్రపోనివ్వడం లేదని మిషను వాళ్లు విశ్వాసమ్మను అటు మార్చారు. వెళ్లే రోజు పేటంతా బస్సు దగ్గరికి కదిలింది. రేకు పెట్టె ఆనందం నెత్తిన ఉంది. ఇంత బరువేంది, అందరి ప్రశ్నలూ ఇందులోనే పెట్టుకు పోతున్నావా అని దారి పొడుగునా విసుక్కున్నాడు. ఖాసిం సాహెబ్ అంగడి ముందు కాసేపు పెట్టె దించి, ఆయన ఇచ్చిన నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాడు. ఒట్టు సంగతి ఎవరూ గుర్తుచేయలేదు.

బస్సు వచ్చే లోపల విశ్వాసమ్మ గురమ్మను పక్కకు పిలిచింది. తన కొంగు ముడి విప్పి, గురమ్మ కొంగు అందుకుని, దాని చివర అంతే గట్టిగా వేసింది.

"ఇంక దీన్ని నువ్వు మొయ్యి. ఏటా పీకుళ్లు అయినాక మీ ఊరికి పో. మీయమ్మ కండ్ల ముందర నిలబడు. ఆమె నిన్ను తిట్టనీ, అన్నం పెట్టనీ. నిన్ను ఎగాదిగా చూసి, ఇంక సాలు గురీ, నాకు భయం లేదని ఆమె నోటితో ఆమె అన్నెప్పుడు, ఆమె చేతనే విప్పించు. అంతదాకా నువ్వు విప్పద్దు."